చిల్లు పెట్టిన బంగారు నాణెం: అమెరికన్ నవలల్లో దాచిన జాతి, దాచిన ఇల్లు

1873లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో పైక్ కౌంటీ రిపబ్లికన్ అనే చిన్న పత్రిక ఒక ముసలి వడ్రంగి చెప్పిన జీవితకథను అచ్చు వేసింది. ఆయన పేరు మాడిసన్ హెమింగ్స్. దేశానికి మూడో అధ్యక్షుడైన థామస్ జెఫర్సన్‌కూ, ఆయన ఇంట్లో బానిసగా ఉన్న శాలీ హెమింగ్స్‌కూ పుట్టిన కొడుకునని చెప్పుకున్నారు. అన్న బెవర్లీ, అక్క హ్యారియట్ ఇల్లు వదిలి వెళ్ళి తెల్లవాళ్ళలో కలిసిపోయారని కూడా చెప్పారు. అక్క దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఒక్క క్షణం ఆగారు. ఆమె వాషింగ్టన్‌లో పరువు గల ఒక తెల్లాయనను పెళ్ళి చేసుకుంది, ఆయన పేరు నేను చెప్పగలను గానీ జాగ్రత్త కోసం చెప్పను అన్నారు. ఆమె నుంచి కబురు వచ్చి పదేళ్ళయిందని, ఇప్పుడు బతికి ఉందో లేదో కూడా తెలియదని అన్నారు.

అమెరికన్ కథాసాహిత్యంలో నూట యాభై ఏళ్ళకు పైగా సాగుతున్న ఒక పెద్ద పాయకు మూలం ఈ నాలుగు వాక్యాల్లో కనిపిస్తుంది నాకు. ఈ నవలల గురించి రాసేవాళ్ళు ఎక్కువగా వెళ్ళిపోయిన మనిషి గురించే రాస్తారు: హ్యారియట్ ఎంత ధైర్యం చేసింది, ఎంత భయపడుతూ బతికింది అని. నన్ను పట్టి నిలిపేది మాడిసన్. బతికి ఉందో లేదో తెలియని అక్క కోసం ఆయన ఆ పేరు మింగేశారు. గుట్టు హ్యారియట్‌దే అయినా దాన్ని కాపాడిన భారం వెనక ఉండిపోయిన తమ్ముడిది.

ఇలా వెళ్ళిపోవడాన్ని ఇంగ్లిష్‌లో పాసింగ్ అంటారు. మనకు పాస్ అనగానే పరీక్ష గుర్తొస్తుంది కాబట్టి ఆ మాట అంత సాయపడదు. తెలుగులో దగ్గరి మాట చెలామణి. చట్టం నల్లజాతి అని లెక్కగట్టిన మనిషి తెల్లజాతి మనిషిగా చెలామణి కావడం. నాణేలకు వాడే మాట కావడం వల్ల, చెల్లుతుందో చెల్లదో అన్న భయం కూడా అందులో ఇమిడి ఉంది.

ఇక్కడ తెలుగు పాఠకుడికి మొదట వచ్చే సందేహం సహజమైనదే. చూడ్డానికి తెల్లగా ఉన్న మనిషి నల్లజాతి ఎలా అవుతాడు? దీనికి జవాబు చర్మంలో దొరకదు, చట్టంలో దొరుకుతుంది. ఇంగ్లండ్ ఆచారంలో బిడ్డ హోదా తండ్రిని బట్టి ఉండేది. 1662లో వర్జీనియా వలస రాజ్యం దాన్ని తలకిందులు చేసింది. బిడ్డ బానిసా, స్వేచ్ఛ గల మనిషా అన్నది తల్లిని బట్టే తేలుతుందని చట్టం రాసుకుంది. దాంతో దొర తన బానిస స్త్రీని చెరిస్తే పుట్టిన బిడ్డ ఆయనకు వారసుడు కాలేదు, ఆస్తి అయ్యాడు. రెండు మూడు తరాలు ఇలా నడిచేసరికి దొరల పోలికలున్న, దొరలంత తెల్లగా ఉన్న బానిసలు పుట్టుకొచ్చారు. శాలీ హెమింగ్స్ సంగతే చూడండి. ఆమె అమ్మమ్మ ఆఫ్రికా స్త్రీ. తాత ఒక ఇంగ్లిష్ ఓడ కెప్టెన్. తండ్రి జాన్ వేల్స్ అనే తెల్ల దొర. ఆ జాన్ వేల్సే జెఫర్సన్ భార్య మార్తాకూ తండ్రి. అంటే శాలీ తన యజమానురాలికే సవతి చెల్లెలు.

జెఫర్సన్ 1815లో ఒక పరిచయస్తుడికి రాసిన ఉత్తరంలో ఈ లెక్కను బీజగణితంలో చేసి చూపించారు. ఎన్ని తరాలు తెల్లవాళ్ళతో కలిస్తే నల్ల రక్తం తీసివేతకు వస్తుందో అక్షరాలతో, భిన్నాలతో వివరించారు. ఎనిమిదో వంతుకు దిగితే చట్టం దృష్టిలో తెల్లమనిషే, అయినా తల్లి బానిస అయితే బిడ్డ బానిసే, విడుదల చేస్తే మాత్రం పూర్తి తెల్ల పౌరుడు అని తేల్చారు. శాలీ పిల్లలు సరిగ్గా ఆ ఎనిమిదో వంతు వాళ్ళే. ఆ ఉత్తరం రాసేనాటికి ఆ పిల్లలు నలుగురూ ఆయన ఎస్టేటులోనే బానిసలుగా ఉన్నారు. ఇది చదివినప్పుడల్లా నాకు చేతులు చల్లబడతాయి.

1822లో బెవర్లీ, హ్యారియట్ వెళ్ళిపోయారు. జెఫర్సన్ చెప్పడంతో తాను ఆమెకు 50 డాలర్లు ఇచ్చి ఫిలడెల్ఫియా బండి ఎక్కించానని ఆ ఎస్టేటు మేస్త్రీ తర్వాత చెప్పాడు. తోట దస్తావేజుల్లో మాత్రం పారిపోయినట్టు రాసుకున్నారు.

కాబట్టి ఈ కథల్లో మొదటి గుట్టు పారిపోయినవాళ్ళది కానే కాదు. అది తండ్రిది, తండ్రి ఇంటిది. దక్షిణాది తెల్ల కుటుంబానికి చెందిన మేరీ చెస్నట్ 1861లో తన డైరీలో రాసుకుంది: ఊళ్ళో అందరి ఇళ్ళలో ఉన్న మిశ్రమజాతి పిల్లల తండ్రి ఎవరో ప్రతి ఇల్లాలూ చెబుతుంది, తన ఇంట్లోవాళ్ళు మాత్రం ఆకాశం నుంచి ఊడిపడ్డారనుకుంటుంది అని. ఆఫ్రికన్ అమెరికన్ రాసిన మొదటి నవలగా చెప్పే క్లోటెల్ కూడా జెఫర్సన్ ఇంటి గురించిన వదంతి మీదే నిలబడింది. బానిసత్వం నుంచి తప్పించుకున్న విలియం వెల్స్ బ్రౌన్ దాన్ని 1853లో లండన్‌లో అచ్చు వేయించాడు. 1893లో అచ్చయిన కేట్ షోపాన్ చిన్న కథ డిజిరేస్ బేబీ ఇదే తండ్రి ఇంటి గుట్టును కత్తిలా వాడింది. లూయిజియానా దొర అర్మాండ్‌కు పుట్టిన బిడ్డలో నల్లజాతి ఛాయలు కనిపిస్తాయి. పుట్టుపూర్వోత్తరాలు తెలియని అనాథగా పెరిగిన భార్యదే ఆ రక్తం అని ఆమెను వెళ్ళగొడతాడు. ఆమె బిడ్డతో ఏటి ఒడ్డున రెల్లు పొదల్లోకి వెళ్ళి మళ్ళీ రాదు. ఆమె వస్తువులు తగలబెడుతుంటే ఒక పాత ఉత్తరం దొరుకుతుంది. అందులో అర్మాండ్ తల్లే రాసి ఉంటుంది, తాను ఆ జాతి మనిషినని, ఆ సంగతి కొడుక్కి తెలియనివ్వనందుకు దేవుడికి కృతజ్ఞతలని.

మరుసటి ఏడాది మార్క్ ట్వేన్ పుడ్న్‌హెడ్ విల్సన్‌లో పదహారో వంతు నల్లజాతి రక్తం ఉన్న రాక్సీ అనే బానిస తల్లి చేత ఉయ్యాలలో బిడ్డలను మార్పించాడు. తన కొడుకు దొర కావాలి, అమ్ముడుపోకూడదు, అంతే ఆమె ఆశ. చివరికి వేలిముద్రలతో నిజం బయటపడినప్పుడు, బానిసగా పెరిగిన అసలు వారసుడికి ఆస్తి దక్కుతుంది గానీ, తెల్లవాళ్ళ గదుల్లో కూర్చోవడం చేతకాదు. రాక్సీ కొడుకునేమో అప్పులవాళ్ళు అమ్మేస్తారు.

1865లో బానిసత్వం పోయింది. జాతుల మధ్య గీత మాత్రం పోలేదు, మరింత లోతుగా దిగింది. 1892లో న్యూ ఆర్లియన్స్‌లో ఎనిమిదో వంతు వాడైన హోమర్ ప్లెస్సీ తెల్లవాళ్ళ రైలుపెట్టెలో కూర్చుని, తాను నల్లజాతివాడినని తనే కండక్టర్‌కు చెప్పి అరెస్టయ్యాడు. చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు. ఆ చట్టాన్ని సవాలు చేయడానికే అలా చేశాడు. 1896లో సుప్రీంకోర్టు నల్లవాళ్ళను వేరుచేసే ఆ చట్టం సరైనదేనంది. 1924లో వర్జీనియా, తెల్లజాతి కాని రక్తం ఏ జాడ ఉన్నా తెల్లమనిషి కాడని చట్టం చేసింది. అందులో కూడా ఒక మినహాయింపు పెట్టుకున్నారు. తాము పోకహాంటస్ అనే మూలవాసి స్త్రీ సంతతి అని గర్వంగా చెప్పుకునే పాత తెల్ల కుటుంబాలు ఇబ్బంది పడకుండా, మూలవాసి రక్తం పదహారో వంతు వరకు ఉండవచ్చని రాశారు. 1930 జనగణనలో నల్లజాతి రక్తం ఎంత తక్కువున్నా నీగ్రో అనే రాయమని సిబ్బందికి చెప్పారు. ఒక్క బొట్టు సూత్రం అని పిలిచేది దీన్నే. తెల్లవాళ్ళు వేరే జాతివాళ్ళను పెళ్ళాడకూడదన్న వర్జీనియా నిషేధాన్ని సుప్రీంకోర్టు కొట్టేసింది 1967లో.

ఆ కాలపు రోజువారీ పాసింగ్‌లో రకరకాలు ఉండేవి. కొందరు పగలు డౌన్‌టౌన్‌లో తెల్లవాళ్ళుగా ఉద్యోగం చేసి సాయంత్రం నల్లజాతి పేటలోని ఇంటికి వచ్చేవాళ్ళు. నల్లజాతి హక్కుల కోసం పోరాడే ఎన్‌ఏఏసీపీ అనే సంస్థ నాయకుడు వాల్టర్ వైట్ నీలి కళ్ళు, లేత రంగు జుట్టు ఉన్న మనిషి. ఆయన తెల్లవాడిలా దక్షిణాదికి వెళ్ళి, నల్లవాళ్ళను చంపిన మూకలతోనే మాట్లాడి హత్యల వివరాలు సేకరించేవాడు. నవలలకు దొరికింది మాత్రం ఎక్కువగా మూడో రకం. వెళ్ళి, ఇక తిరిగిరాని రకం.

జేమ్స్ వెల్డన్ జాన్సన్ 1912లో తన పేరు లేకుండా ఒక నవల అచ్చు వేయించాడు, ఒక నల్లమనిషి ఆత్మకథే అన్నట్టు. తన పేరుతో మళ్ళీ వేసింది 1927లో. అందులో పిల్లవాడికి తన జాతి తెలిసే ఘట్టం ఎంత చిన్నదో అంత భయంకరమైనది. బడిలో ప్రిన్సిపాల్ వచ్చి తెల్లపిల్లలు లేచి నిలబడండి అంటాడు. వాడు లేస్తాడు. నువ్వు కూర్చో, మిగతావాళ్ళతో లేద్దువు గాని అంటుంది టీచర్. ఇంటికి పరిగెత్తి అద్దంలో మొహం చూసుకుంటాడు. తల్లిని అడుగుతాడు. ఆమె ఏడుస్తుంది గానీ తండ్రి పేరు చెప్పదు. ఆ తండ్రి పెద్దింటి తెల్లాయన. కొడుకుని వదిలేసే ముందు ఒక పది డాలర్ల బంగారు నాణేనికి చిల్లు పెట్టి వాడి మెడలో కట్టి వెళ్ళాడు. పెద్దయ్యాక కథకుడు అంటాడు, దాన్ని నాకు కట్టడానికి చిల్లు పెట్టడం కాక ఇంకేదైనా దారి దొరికి ఉంటే బాగుండేది అని. చిల్లు పెట్టిన నాణెం బంగారమే, కానీ బజారులో చెల్లదు. చెలామణి అన్న మాట ఇందుకే నాకు ఈ నవలతో విడదీయరానిదిగా అనిపిస్తుంది. తర్వాత దక్షిణాదిలో ఒక మనిషిని మూక సజీవంగా తగలబెట్టడం కళ్ళారా చూసి, అతను తెల్లవాడిగా బతకాలని నిర్ణయించుకుంటాడు.

ఈ పాయలో నన్ను అన్నిటికంటే వెంటాడే నవల నెల్లా లార్సెన్ 1929లో రాసిన పాసింగ్. షికాగోలో ఎండ మండిపోతున్న ఆగస్టు రోజు. ఐరీన్ అనే నల్లజాతి ఇల్లాలు ఒక పెద్ద హోటల్ పై అంతస్తులో చల్లని టీ తాగుతోంది. అక్కడ నల్లవాళ్ళను రానివ్వరు, ఆ కాసేపూ ఆమే తెల్లమనిషిగా చెలామణి అవుతోంది. పక్క బల్ల దగ్గరి అందమైన తెల్ల స్త్రీ కళ్ళార్పకుండా తననే చూస్తుంటే, దొరికిపోయానేమోనని గుండె గుబగుబలాడుతుంది. తీరా ఆ స్త్రీ చిన్నప్పటి స్నేహితురాలు క్లేర్. పన్నెండేళ్ళుగా కనిపించని మనిషి. తెల్లవాడైన జాన్ బెల్యూని పెళ్ళి చేసుకుని, తానెవరో అతనికి చెప్పకుండా కాపురం చేస్తోంది.

క్లేర్‌తో టీ తాగే సన్నివేశం దగ్గర నేను ప్రతిసారీ పుస్తకం మూసి కాసేపు కూర్చుంటాను. గదిలో ముగ్గురు స్త్రీలు, ముగ్గురూ నల్లజాతివాళ్ళే. బెల్యూ వచ్చి భార్యను నల్లవాళ్ళను తిట్టే మాటతో ముద్దుగా పిలుస్తాడు. పెళ్ళైనప్పటి నుంచి రోజురోజుకీ రంగు తగ్గుతోంది, ఏదో ఒకరోజు నల్లదానిగా నిద్ర లేస్తుందని వేళాకోళం. నిజంగానే ఒకటి రెండు శాతం నల్ల రక్తం ఉందని తెలిస్తే ఏం చేస్తారని క్లేర్ అడిగితే, మా కుటుంబంలో అలాంటివాళ్ళు ఎప్పుడూ లేరు, ఉండరు అంటాడు. ముగ్గురు స్త్రీలూ నవ్వుతారు. ఐరీన్ ఆగకుండా నవ్వుతుంది, కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా. లేచి నిజం చెప్పేయవచ్చు. చెప్పదు. క్లేర్ అంటే ఆమెకు ఇష్టం కూడా లేదు, అయినా కాపాడుతుంది. తర్వాత తన కాపురానికే క్లేర్ వల్ల ముప్పు వచ్చిందని అనుమానం కలిగినప్పుడు కూడా ఆ ఒక్క మాట బయటపెట్టలేకపోతుంది. మాడిసన్ హెమింగ్స్ మౌనమే ఇది, ప్రేమ తీసేసిన రూపంలో. ఆఖరున న్యూయార్క్‌లోని నల్లజాతి పేట హార్లెమ్‌లో ఒక పార్టీలోకి బెల్యూ దూసుకొస్తాడు, క్లేర్ కిటికీలోంచి పడి చనిపోతుంది. జారిపడిందా, దూకిందా, ఐరీన్ చెయ్యి ఏమైనా ఉందా అన్నది లార్సెన్ తేల్చలేదు.

ఆ టీ సమయంలోనే బెల్యూ రాకముందు ఆడవాళ్ళ మధ్య ఇంకో మాట వస్తుంది. కూతురు పుట్టేదాకా తొమ్మిది నెలలూ బిడ్డ నల్లగా పుడుతుందేమోనన్న టెన్షన్‌తో చచ్చి బతికానని, ఇక పిల్లలే వద్దని క్లేర్ చెబుతుంది. మగవాళ్ళు రాసిన పాసింగ్ నవలల్లో ఈ భయం ఇంత దగ్గరగా కనిపించదు. నిజానికి చర్మపు రంగును ఎన్నో జన్యువులు కలిసి నిర్ణయిస్తాయి. తెల్లగా ఉన్న దంపతులకు ఉన్నట్టుండి చాలా నల్లని బిడ్డ పుట్టడం దాదాపు జరగని పని. కానీ ఆ నమ్మకం ఎంత బలంగా ఉండేదంటే, గర్భమే సాక్ష్యం చెబుతుందన్నట్టు ఆ స్త్రీలు వణికారు.

లార్సెన్ సొంత జీవితంలోనూ ఇదే గీత ఉంది. తల్లి డెన్మార్క్ నుంచి వచ్చిన తెల్లామె. తల్లి మళ్ళీ పెళ్ళి చేసుకున్న కుటుంబంలో ఈమె ఒక్కతే నల్లజాతి బిడ్డ. 1964లో ఆమె చనిపోయాక మిగిలిన ఆస్తి సవతి చెల్లెలికి వెళితే, నాకు అక్క ఉన్నట్టే తెలియదని ఆవిడ అన్నట్టు జీవితచరిత్రకారులు రాశారు. 2021లో ఈ నవలను సినిమాగా తీసిన రెబెకా హాల్ అమ్మకు తండ్రి కూడా తెల్లవాడిగా చెలామణి అయిన మనిషే.

మనకు కుంతి కథ తెలుసు. పెళ్ళికి ముందు పుట్టిన బిడ్డను తల్లి నీళ్ళలో వదిలింది, ఏళ్ళ తరబడి నోరు మెదపలేదు. ఈ అమెరికన్ కథల్లో తల్లిని వదిలేది బిడ్డ. నోరు మెదపకుండా ఉండాల్సింది మాత్రం మళ్ళీ తల్లే.

లాంగ్‌స్టన్ హ్యూస్ 1934లో అచ్చయిన ఒక చిన్న కథలో దీన్ని ఒక ఉత్తరంగా రాశాడు. తెల్లవాడిగా బతుకుతున్న జాక్ తల్లికి రాసే ఉత్తరం. నిన్న రాత్రి డౌన్‌టౌన్‌లో నీ పక్కనుంచే వెళ్ళి పలకరించలేదు, కుక్కలా అనిపించింది, కానీ నువ్వు చాలా బాగా చేశావు అమ్మా, నన్ను గుర్తుపట్టినట్టు కూడా కనబడలేదు అని. జాక్ పక్కన అప్పుడు అతని తెల్ల ప్రియురాలు ఉంది. తల్లి ఏమనుకుందో కథలో ఒక్క మాటా లేదు. ఫ్యానీ హర్స్ట్ నవల ఇమిటేషన్ ఆఫ్ లైఫ్‌ను 1959లో రెండోసారి సినిమాగా తీసినప్పుడు, పారిపోయిన కూతుర్ని చివరిసారి చూడటానికి వచ్చిన తల్లి, కూతురి స్నేహితురాలు గదిలోకి రాగానే తాను చిన్నప్పుడు ఆమెను పెంచిన ఆయాను అని చెప్పుకుంటుంది. కన్నతల్లి తన నోటితోనే తనను ఆయాగా మార్చుకుంటుంది.

2000లో ఫిలిప్ రాత్ ది హ్యూమన్ స్టెయిన్ రాశాడు. కోల్మన్ సిల్క్ అనే ప్రొఫెసర్ యూదుడిగా చెలామణి అయ్యే నల్లజాతి మనిషి. పెళ్ళికి ముందు తల్లి దగ్గరికి వచ్చి, నా వాళ్ళంతా చనిపోయారని ఆ అమ్మాయికి చెప్పానంటాడు. ఆ తల్లి అరవదు. అయితే నా మనవల్ని ఎప్పుడూ చూడనివ్వవన్నమాట అంటుంది. రైల్వే స్టేషన్లో ఫలానా టైముకు బెంచీ మీద కూర్చో, పిల్లల్ని తీసుకుని ముందు నుంచి నడిచి వెళతానని చెబుతావు, నేను వస్తానని నీకు బాగా తెలుసు అంటుంది. ఏళ్ళ తర్వాత క్లాసులో వాడిన ఒక మాటకు నల్లజాతిని కించపరిచాడన్న ఆరోపణ వచ్చి కోల్మన్ ఉద్యోగం వదిలేస్తాడు. తానెవరో చెబితే సరిపోయేది. చెప్పడు. అతను పోయాక చెల్లెలు చెబితేనే కథకుడికి నిజం తెలుస్తుంది.

ఈ చరిత్రలో మన దేశం పేరు కూడా ఒక వింత మూల నుంచి వస్తుంది. 1923లో భగత్‌సింగ్ థిండ్ కేసులో భారతీయులు తెల్లవాళ్ళు కారని అమెరికా సుప్రీంకోర్టు తేల్చి పౌరసత్వం నిరాకరించింది. అయినా నల్లవాళ్ళను వేరుచేసే చట్టాలున్న దక్షిణాదిలో తలపాగా చుట్టిన విదేశీయుడికి నల్లజాతి అమెరికన్ కంటే మర్యాద ఎక్కువ దక్కేది. 1947లో న్యూయార్క్ పాస్టర్ జెస్సీ రూటే తలపాగా, పొడవాటి అంగీ వేసుకుని అలబామా వెళ్ళి అది నిరూపించాడు. మిస్సోరిలో పుట్టిన జాన్ రెడ్ అనే నల్లజాతి సంగీతకారుడు ఇంకా ముందుకు వెళ్ళాడు. కోర్లా పండిట్ అని పేరు మార్చుకుని, న్యూఢిల్లీలో బ్రాహ్మణ తండ్రికి పుట్టానని చెప్పుకుని, 1949 నుంచి లాస్ ఏంజిలస్ టీవీలో ఆర్గాన్ వాయించి పేరు తెచ్చుకున్నాడు. 1998లో చనిపోయేదాకా అదే కథ. లోకానికి నిజం తెలిసింది 2001లో.

2020లో బ్రిట్ బెనెట్ రాసిన ది వానిషింగ్ హాఫ్ ఈ పాయను మళ్ళీ జనం మధ్యకు తెచ్చింది. లూయిజియానాలో మాలార్డ్ అనే ఊహాజనిత ఊరు, అక్కడ నల్లవాళ్ళంతా లేత రంగు కోసం తపిస్తారు. 1954లో కవల అక్కచెల్లెళ్ళు డిజిరే, స్టెల్లా ఊరు వదులుతారు. స్టెల్లా తెల్లదానిగా మాయమవుతుంది. డిజిరే నల్లని కూతురితో ఊరికి తిరిగొస్తుంది. బెనెట్ చేసిన కొత్త పని, తర్వాతి తరం చేతికి కథ ఇవ్వడం. స్టెల్లా కూతురు కెనడీకి తల్లి చిన్నతనం గురించి ఒక్క కథా తెలియదు, అడిగితే అమ్మ మాట మార్చేస్తుంది. గుట్టు ఒక తరం దాటాక దాచేవాళ్ళ బరువుగా మిగలదు, పిల్లల జీవితంలో ఒక ఖాళీ గదిగా మిగులుతుంది.

ఈ ఖాళీని అన్నిటికంటే సూటిగా చెప్పిన మాట నాకు ఒక తెలుగు మనిషి పుస్తకంలో దొరికింది. విప్లవకవి శివసాగర్ మేనకోడలు, కాజీపేటలో పెరిగి న్యూయార్క్ సబ్‌వేలో కండక్టర్‌గా పనిచేసిన సుజాత గిడ్ల 2017లో యాంట్స్ అమాంగ్ ఎలిఫెంట్స్ రాశారు. అది నవల కాదు, అంటరానివాళ్ళుగా చూసిన తన కుటుంబ చరిత్ర. మొహం చూసి కులం చెప్పలేరు, కాబట్టి అబద్ధం చెప్పవచ్చు అంటారు ఆమె మొదట్లోనే. కానీ అబద్ధం చెప్పాక నీ జీవితం గురించి, నీ ఇంటివాళ్ళ గురించి ఏ కథా చెప్పలేవు, ఎందుకంటే ప్రతి కథా నీ కులాన్ని బయటపెడుతుంది. కులం, జాతి ఒకటే అని నేను అనను, వాటి చట్టాలు వేరు, చరిత్ర వేరు. కానీ స్టెల్లా కూతురితో ఎందుకు మాట మారుస్తుందో ఈ పేజీ చదివాక నాకు పూర్తిగా అర్థమైంది.

మాడిసన్ తమ్ముడు ఎస్టన్ కూడా 1850లలో విస్కాన్సిన్ వెళ్ళి, ఇంటిపేరు జెఫర్సన్ అని మార్చుకుని తెల్లవాడయ్యాడు. అతని కొడుకు అంతర్యుద్ధంలో కర్నల్ అయ్యాక, పాత ఊరి పరిచయస్తుడు కనిపిస్తే, తన దళంలో ఎవరికీ అనుమానం లేదు, దయచేసి చెప్పవద్దని బతిమాలాడట. తర్వాతి తరాలు తాము జెఫర్సన్ బాబాయి సంతతి అని పిల్లలకు చెబుతూ వచ్చాయి. 1998లో జరిగిన డీఎన్‌ఏ పరీక్ష ఎస్టన్ సంతతిని జెఫర్సన్ వంశంతో కలిపింది.

మాడిసన్ 1877లో చనిపోయారు. అక్క భర్త పేరు ఎక్కడా రాసిపెట్టలేదు. హ్యారియట్ పిల్లల పిల్లలు ఎవరో, ఏ ఊళ్ళో ఉన్నారో ఈ రోజుకీ ఎవరూ కనుక్కోలేకపోయారు.